రెండు తాళాల గుడి

గుండ్లగూడెంలో ఇప్పుడు తెల్లవారడం తూర్పు నుంచి మొదలవదు. ఎండ ముందు పడమటి అద్దాల మేడ మీద పడుతుంది. అక్కణ్నుంచి వెనక్కి తిరిగి వచ్చి రాతి ఏసు గుడి గోడ మీద వాలుతుంది. ఆ అరువు వెలుగులో కృపమ్మ లేస్తుంది. గది ఊడుస్తుంది, గడప దాకా వచ్చి ఆగిపోతుంది.

ఆ గది గుడి వెనక, గంట గోపురం అడుగున ఉంది. గంట తాడు పైకప్పు రంధ్రంలోంచి దిగి ఆమె మంచం పక్కన వేలాడుతుంది. గుడి ముందు తలుపుకి మాత్రం రెండు తాళాలున్నాయి. ఒకటి రాజేందర్‌ది. అతను పాత ఊరి మనిషి, నీళ్ల ట్యాంకర్లు తిప్పుతాడు. రెండోది ప్రేమ్ కుమార్‌ది. కంపెనీ ఉద్యోగాల కోసం కోస్తా నుంచి వచ్చిన విశ్వాసులకు అతను పెద్ద. పాస్టరుగా ఎవరుండాలన్న తగాదా ముదిరి కోర్టుకెక్కింది. ఉన్నది ఉన్నట్టే ఉండాలంది కోర్టు. అలా ఉన్నవాటిలో కృపమ్మ కూడా ఒకటి.

ఆమె భర్త ఇస్సాకు బతికినన్నాళ్లూ ఈ గుడికి కాపలా కాశాడు. అతని తాత ఈ గుడి రాళ్లు కొట్టాడు. ఆ కాలంలో వాళ్ల గుడిసెలు ఎవరికి కోపమొస్తే వాళ్లు పీకేసేవారు. గుడికి మిషనరీ దొర రేకుల షెడ్డు వేయిస్తానంటే, వద్దు, ఎవరూ పీకలేని ఇల్లు కావాలన్నారట. గుట్ట మీద బండలకు కట్టెల మంట పెట్టి, కాలిన రాతిని చీల్చి, ఆడవాళ్లు సున్నం రుబ్బి గోడ లేపారు. వందేళ్లు దాటినా వేసవిలో ఆ రాయి మీద చెయ్యి పెడితే లోపల ఇంకా మంట ఆరలేదనిపిస్తుంది. గుట్ట మాత్రం మిగల్లేదు. దాని చోట అద్దాలున్నాయి. రోడ్డు ఎత్తు పెరిగి, గుడి పల్లంలో దిగబడినట్టుంది.

గది ఖాళీ అయితే రెండోవాళ్లు దూరతారని రాజేందర్‌కీ ప్రేమ్ కుమార్‌కీ భయం. కూరగాయలకు వెళ్లాలన్నా కృపమ్మ ఇద్దరికీ ఫోన్ చేయాలి.

"అత్తా, జర కదలకు. తీర్పొచ్చేదాంక ఓపిక పట్టు," అంటాడు రాజేందర్.

"మీరు మా ఇంటి మనిషి లాంటివారండి," అంటాడు ప్రేమ్ కుమార్. ఆ మాటతో గది ఇంకొంచెం ఇరుకవుతుంది.

కూతురు స్టెల్లా చందానగర్‌లో నర్సు. తొలి కాన్పుకి పుట్టింటికి రావాలి. గాలాడని ఈ గదికి ఎలా వస్తుంది? తల్లే రావాలి, తల్లి కదల్లేదు. "నీ పుట్టిల్లు కోర్టుల ఉన్నదా బిడ్డా?" అని స్టెల్లా అత్తగారు నవ్విందట. ఆ మాట విన్న రోజు కృపమ్మ అన్నం వండుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"అమ్మా, నొప్పులొస్తున్నయ్. దవాఖానకు పోతున్నం."

"వస్త బిడ్డా."

"ఎప్పుడూ గట్లనే అంటవ్," అంది స్టెల్లా. ఫోన్ పెట్టేసింది.

కృపమ్మ ఇద్దరినీ పిలిచింది. రాజేందర్ తడిసిన ప్యాంటుతో వచ్చాడు, ప్రేమ్ కుమార్ మెడలో ఆఫీసు కార్డుతో వచ్చాడు.

"స్టెల్లాకు నొప్పులు. నేను పోతున్న."

"తప్పకుండా వెళ్లండి. మా వాళ్లలో ఒకర్ని ఇక్కడ కూర్చోబెడతానండి."

"నీ మనిషా? మా తాతలు రాళ్లు మోసిన గుడిల నీ మనిషి పండుతడా?"

"ఆ రాళ్ల మీద కప్పు కారుతుంటే బాగు చేయించింది ఎవరండీ?"

"కప్పేసినోడు ఇల్లు రాయించుకుంటడా?"

ప్రేమ్ కుమార్ కృపమ్మ వైపు తిరిగాడు. "ఒక్క గంట ఆగండి. లాయరు గారిని అడుగుతాను."

"నొప్పులు లాయర్ని అడిగి రాలే, సారూ."

ఆమె సంచీ భుజాన వేసుకుని తలుపు పూర్తిగా తెరిచింది. "ఇద్దరూ కూసోండ్రి. కుండల నీళ్లున్నయ్."

ఎదుటివాడు ముందు అడుగు పెడతాడేమోనని ఇద్దరూ ఒకేసారి గడప దాటారు. భుజాలు రాసుకున్నాయి. ఒకరు మంచం అంచున, ఒకరు బియ్యం డబ్బా మీద కూర్చున్నారు. కృపమ్మ తలుపుకి గొళ్లెం కూడా పెట్టలేదు. మెట్లెక్కి రోడ్డు మీదికొచ్చి ఆటో ఎక్కింది.

ఆటో మేడల మధ్య వాహనాల వరుసలో చిక్కుకుంది. ఎటు చూసినా అద్దాలే. ప్రతి అద్దంలో ఒక ఆటో, అందులో ఒక ముసలామె. కాసేపు తానింకా ఆ గదిలోనే ఉన్నాననుకుంది.

కానీ సమయానికే చేరింది. స్టెల్లా ఆమె వేళ్లను నలిపేస్తూ అరిచింది. పొద్దు వాలేటప్పటికి ఆడపిల్ల పుట్టింది.

పాతరోజుల్లో ఆ ఊళ్లో బిడ్డ పుడితే గుడి గంట మూడుసార్లు కొట్టేవారు. స్టెల్లా పుట్టినప్పుడు ఇస్సాకు కొట్టాడు. తాళాలు పడ్డాక, కొట్టే హక్కు ఎవరిదో తేలక గంట నోరు మూసుకుంది.

కృపమ్మ రాజేందర్‌కి ఫోన్ చేసింది. "ఆడపిల్ల. గంట కొట్టుండ్రి."

"ఎవరు కొట్టాలండి?" పక్కనుంచి ప్రేమ్ కుమార్ గొంతు.

"తాడు పొడుగ్గనే ఉన్నది. ఇద్దరికీ సరిపోతది."

అటు మంచం కిర్రుమంది, డబ్బా చప్పుడైంది. తర్వాత గంట మోగింది, గ్లాసు మీద చెంచా తగిలినంత చిన్నగా. మళ్లీ మోగింది. మూడోది రావడానికి కొంచెం ఆలస్యమైంది. ఆ మోత ఆగకముందే కృపమ్మ ఫోన్‌ను కూతురి చెవికి ఆనించింది. స్టెల్లా కళ్లు మూసుకుని విన్నది.

"కృపమ్మ గారూ, ఎప్పుడొస్తారండీ? పొద్దున్నే నాకు ఆఫీసుంది."

"నాకు ట్యాంకర్లున్నయ్ అత్తా. నడుం పట్టేసింది, ఈ డబ్బా మీద."

"పోరాదుండ్రి. ఎవరు పట్టుకున్నరు మిమ్మల్ని? తలుపు తీసే ఉన్నది."

ఆమె కాల్ ఆపి ఫోన్‌ను దిండు కింద పెట్టింది. కాసేపటికి అది అక్కడ పురుగులా కొట్టుకోవడం మొదలెట్టింది.

స్టెల్లా నిద్రలోనే తల్లి కొంగు అంచు పట్టుకుంది. "అమ్మా, పోతవా?"

కృపమ్మ పాప నుదుటి మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.

"ఇయ్యాల పోను," అంది.