అవ్వ చెవిలో ఊదిన ఇటలీ పొగ

మా చిన్నప్పుడు... చెవిపోటు వచ్చిందంటే వీధిలో పిల్లలంతా మా అవ్వ ఒడిలో తల వాల్చాల్సిందే. ఆమె చేతిలో మందుబుడ్డి ఉండేది కాదు... ఇటలీ పైపు ఉండేది!

నవ్వకండప్పా, చెప్తాను.

మా నాయన మంగంపేట గనుల దగ్గర లారీ తోలేవాడు. అక్కడ మిషన్లు బిగించడానికి వచ్చిన ఒక ఇటలీ దొర వెళ్ళిపోతూ తాను పొగ తాగే ఆ పైపును నాయన చేతిలో పెట్టాడు. చిన్న చెక్క గిన్నె, దానికి వంకర తిరిగిన నల్ల గొట్టం. ఎలా తాగాలో మా కమలాపురంలో ఎవరికి తెలుసు? నాయన చుట్ట తెచ్చి గిన్నెలో నిలువుగా నాటాడు... అగరొత్తి మాదిరి! గొట్టం పీల్చి పీల్చి బుగ్గలు నొప్పిపుట్టాయే గానీ పొగ రాలేదు.

"ఏంరా, చుట్టకు పూజ చేస్తాండావా?" అని అవ్వ లాగేసుకుంది.

అంతే... అది వైద్యానికి పోయింది. గిన్నెలో నిప్పుకణిక, పైన చిటికెడు వాము. తడిగుడ్డ కప్పి, గిన్నె అంచును పళ్ళతో బిగబట్టి ఊదేది. గొట్టం కొస నుంచి సన్నగా, వెచ్చగా పొగ మా చెవిలోకి... పొగకు తగ్గేదో, ఒడికి తగ్గేదో ఇప్పటికీ నాకు తెలియదు. నేనైతే నొప్పి లేని చెవి కూడా చూపించేవాణ్ణి.

మొన్న కడప నుంచి మా మనవడు వచ్చాడు. వాడికొక పిచ్చి... పాత ఇటలీ పైపులు కూడబెడతాడు. అద్దాల బీరువా నిండా అవే. ఒక్కటీ తాగడు, పొగ పడదట! మరి ఎందుకో నా బుర్రకెక్కలేదు. పెండ్లి చేసుకోరా అంటే టైం లేదంటాడు, పైపులు తుడవడానికి మాత్రం ఉంది.

పెట్టెలోంచి అవ్వ పైపు తీసి చూపించాను.

"జేజినాయనా, అసలైన బ్రయర్ చెక్క ఇది, మంచి పైపులన్నీ దీంతోనే చేస్తారు! శానా పాతది!" అని ఎగిరాడు. తిప్పి చూసి బుర్ర గోక్కున్నాడు. "అందరూ గొట్టం కదా కొరికేది? గిన్నె కొరికినోడు యాడుండాడు? తలకిందులుగా తాగినాడా?"

"మా అవ్వరా," అని కథంతా చెప్పాను. వాడికి అర్థమయ్యేసరికి టీ చల్లారింది.

"పోనీలే, ఉప్పు కాగితంతో రుద్దితే ఈ పళ్ళగాట్లు పోతాయి. వాసన గూడా పోతాది. నాకిచ్చేయ్."

చెయ్యి చాచాను గానీ వేళ్ళు వదల్లేదు. నేను దాచుకుంటే, రేపు ఎవరో పొయ్యిలో వేస్తారు. ఇస్తే గాట్లు పోతాయి... అవ్వ ఫోటో ఒక్కటి కూడా లేదు మా ఇంట్లో.

ఏం చేయాలో తోచక, "తల వాల్చు" అన్నాను.

"నాకు నొప్పి లేదే!"

"నాకూ ఉండేది కాదులే."

నిప్పు లేదు, వాము లేదు. నా కట్టుడు పళ్ళను ఆ గాట్లలో పెట్టి ఊదాను. వాడు చెవిని గొట్టం కొసకు ఇంకాస్త ఆనించాడు. కాసేపటికి, "వాము వాసన వస్తాంది జేజినాయనా..." అన్నాడు. ఉప్పు కాగితం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడది వాడి బీరువాలో, మెరిసే పైపుల మధ్య, కొరికిన ముఖంతో కూర్చుంది.

నాకేమో ఎడమ చెవి వినపడదు. వయసని డాక్టరంటాడు, మీ అవ్వ పొగేనని మా ముసల్ది అంటుంది. ఎవరిది నిజమో తెలియక ఇద్దరి మాటా కుడి చెవితోనే వింటున్నాను.

ఇప్పుడు చెవిలో చుక్కలేస్తే నొప్పి చిటికెలో పోతుంది, మంచిదే... తల వాల్చే పనే లేకుండా పోయింది. మీ అవ్వలు మీ చెవుల్లో ఏం ఊదేవాళ్ళో చెప్పండప్పా... కాస్త గట్టిగా!