బ్రేకులకు పూసిన ఆముదం

రెండు రోజుల ముసురు తర్వాత ఈ ఉదయం కారు బయటికి తీశాను. మొదటిసారి బ్రేకు నొక్కగానే చక్రాల్లోంచి, మూకుడు అడుగు గీకినట్టు గర్రుమని చప్పుడు వచ్చింది. మాదన్నపేట కూరగాయల మార్కెట్ దాటేసరికి అది సన్నగిల్లి ఆగిపోయింది. తడికి బ్రేకు డిస్కుల మీద పట్టిన తుప్పు అలాగే పోతుంది. ఆ సంగతి నాకు నేర్పినవాడు యాదయ్య. మా గల్లీ చివర రేకుల షెడ్డులో కార్లు బాగుచేసేవాడు. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. అయినా నేనతణ్ణి ఏనాడూ అన్నా అని పిలవలేదు, పేరు పెట్టే పిలిచాను.

తాతల కాలంలో బేగంబజార్‌లో మాకు మూడు షట్టర్ల గిన్నెల దుకాణం ఉండేది. నాన్న కాలానికి ఒక షట్టరు మిగిలింది. నా చేతికి వచ్చాక అదీ పోయింది. ఉన్నదల్లా నాన్న కొన్న తెల్ల కారు. నేను వేరొకరి దుకాణంలో గుమాస్తాగా చేరి బస్సులో వెళ్ళేవాణ్ణి. కారును పెళ్ళిళ్ళకు తప్ప తీసేవాణ్ణి కాదు. గుమాస్తా కారులో పనికి వెళ్తే నవ్వుతారని భయం, పెళ్ళికి మేము ఆటోలో దిగినా నవ్వుతారని భయం. ఒక వానాకాలం చక్రాల సందుల్లోంచి ఎర్రటి తుప్పు కనిపించి, మా కారు చూసే యాదయ్యను పిలిపించి మందలించాను.

అతను వంగి చూసి నవ్వాడు. "గింత దానికి లొల్లి ఎందుకు సేట్? ఇది పైపై జంగు. తడి తగిలితే ఒక్క రాత్రిల పడ్తది. కారు తీసి జర దూరం నడుపుకుంట మెల్లగ బ్రేకు కొట్టుర్రి, ప్యాడ్లే గీకేస్తయి."

"బయటికి తీసే పని లేదు. మెరిసేటట్టు చెయ్యి."

"మెరిసెతందుకు ఇది పెండ్లిపిల్ల కాదు సేట్. నడిచెతందుకే ఉన్నది."

ఆ మాట నాకు నచ్చలేదు. మరుసటి ఏడు అక్క కూతురి పెళ్ళి వచ్చింది. మా పతనం గురించి చెప్పుకునే బంధువులంతా వస్తారు. డిస్కులు మళ్ళీ ఎర్రబడ్డాయి. ముందురోజు సాయంత్రం నేనే గరుకు కాగితంతో రుద్ది, వాటి మీద ఆముదం పూశాను. వానలు మొదలయ్యే ముందు ఇనుప పెనాలకూ మూకుళ్ళకూ ఆముదం పూసి పేర్చడం మా దుకాణం ఆచారం. ఇనుమంటే నాకు తెలిసింది అదే. డిస్కులు అద్దాల్లా మెరిశాయి.

పొద్దున బయల్దేరే ముందు, చాలా రోజులుగా నిలిచి ఉన్న కారని యాదయ్య తానే ఒక చుట్టు తిప్పి చూస్తానన్నాడు. మార్కెట్ మలుపు దగ్గర బ్రేకు పడలేదు. ఎదురుగా కూరగాయలు అమ్మే ఆడవాళ్ళు. అతను కారును పక్క గోడకేసి కొట్టాడు. మేము పరుగెత్తుకెళ్ళేసరికి కుడి మణికట్టు వేలాడుతోంది. ఎడమ చేత్తో డిస్కు తడిమి, వేళ్ళు వాసన చూశాడు.

"సేట్, మీరేమన్న రాసిర్రా దీనికి?"

మా ఇంటి నుంచి పెళ్ళికి బయల్దేరాల్సిన బంధువులు పట్టుబట్టలతో చుట్టూ నిలబడి ఉన్నారు. వరసకు బావ అయ్యే ఒకాయన పెదవుల మీద అప్పటికే నవ్వు మొదలైంది.

"మా ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టలేదు," అన్నాను.

యాదయ్య నా వంక ఒక క్షణం చూసి, వేళ్ళు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "నాదే తప్పు. చూసుకోకుండ తీసిన," అన్నాడు అందరితో.

మణికట్టు సరిగా అతకలేదు. పానా బిగించే పట్టు పోయింది. అంతకన్నా ముందే పేరు పోయింది. "యాదన్న చేతిల బండికే బ్రేకు పడలేదంట భాయ్," అని హోటల్లో చాయ్ తాగుతూ చెప్పుకుంటుంటే పక్క బల్ల దగ్గర కూర్చుని విన్నాను. ఒక్క మాట చెబితే చాలు. చాయ్ పూర్తి చేసి లేచి వచ్చేశాను. ఏడాది తిరక్కుండా షెడ్డు మూసి, అతను జల్‌పల్లిలో కూతురింటికి వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలని ఒకసారి అక్కడికి వెళ్ళాను. అతని భార్య చాయ్ ఇచ్చింది. అతను ఒక్కటే అడిగాడు: "కారు నడుపుతున్నరా సేట్? నిలబెట్టకుర్రి." నడుపుతానన్నాను. చెప్పాల్సింది చెప్పకుండానే లేచాను. ఆ మర్నాటి నుంచి గుమాస్తా పనికి, వేరేచోట బాగుచేయించిన ఆ కారులోనే వెళ్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వారు.

పోయిన వానాకాలం యాదయ్య చనిపోయాడు. జల్‌పల్లి ఇంటి ముందు శవాన్ని పడుకోబెట్టారు. పాత గిరాకీ ఒకాయన నిట్టూర్చాడు. "మస్తు పనిమంతుడు. పాపం, గా ఒక్క బ్రేకు కాడనే తప్పు చేసిండు."

"అన్న తప్పు చెయ్యలేదు," అన్నాను. "డిస్కులకు ఆముదం పూసింది నేను. అడిగితే అబద్ధమాడింది కూడా నేనే."

గోడకు ఆనుకుని కూర్చున్న అతని భార్య నెమ్మదిగా తలెత్తింది.

"గా మాట గప్పుడే చెప్తే మా ఆయన షెడ్డు మూయకపోతుండె సేట్," అంది.

ఆమె కోపంతో అని ఉంటే నా అహంకారం ఏదో ఒక జవాబు వెతుక్కునేది. ఆమె మామూలుగా అంది. అందుకే ఆ మాటను ఎక్కడా దించుకోలేకపోతున్నాను.