బోర్డు పట్టుకునే చేతులు

మా బడి హాలుకి తాళం వేసే పని నాకు అప్పగించి ఉండకపోతే నేను తైక్వాండో జోలికి వెళ్ళేదాన్నే కాదు. సాయంత్రం అయిదింటి నుంచి ఆరున్నర దాకా ఆ హాలుని తైక్వాండో క్లాసుకి ఇచ్చారు. టీచర్లలో బడికి దగ్గరగా, డాలీగంజ్‌లో ఉండేది నేనొక్కదాన్నే. క్లాసు అయ్యేదాకా ఉండి, ఫ్యాన్లూ లైట్లూ ఆపి, తాళం వేసి వెళ్ళమన్నారు ప్రిన్సిపాల్ గారు. కాదనలేకపోయాను.

నాకప్పుడు నలభై రెండేళ్ళు. లెక్కల టీచర్ని. మా నాన్న ఉద్యోగం మీద శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ ద్వీపంలోనే ఉండిపోయారు, నేను పుట్టింది ఇక్కడే. షుగర్ అంచు మీద ఉందని, రోజూ నడవమని డాక్టరు గారు చెప్పి ఏడాదైంది. నడవలేదు. హాల్లో ఒక మూల కుర్చీ వేసుకుని నోటు పుస్తకాలు దిద్దుకుంటూ, మధ్య మధ్యలో తలెత్తి పిల్లల కేకలకి విసుక్కునేదాన్ని.

రెండు నెలలయ్యాక ఒకరోజు తైక్వాండో మాస్టర్ నా కుర్చీ దగ్గరికి వచ్చారు. ఆయన తాతగారు రాంచీ వైపు నుంచి అడవి పనికి వచ్చిన మనిషి. ఆయనతో మా మాటలన్నీ హిందీలోనే. "దీదీ, రోజూ గంటన్నర ఇక్కడే కూర్చుంటున్నారు. వెనక వరసలో నిలబడినా పట్టేది ఆ గంటన్నరే," అన్నారు. నవ్వి ఊరుకున్నాను. మర్నాడు మాత్రం చీర మార్చుకుని సల్వార్ వేసుకుని, కాన్వాసు బూట్లతో వచ్చాను. ముందు ఆ బూట్లు విప్పించారు.

వరసలో ఎవరెక్కడ నిలబడాలో బెల్టుని బట్టి ఉంటుంది. తెల్ల బెల్టు నుంచి పసుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు దాటి నలుపు దాకా వెళ్ళాలి. నల్ల బెల్టు వాళ్ళు ముందు వరసలో కుడి చివర ఉంటారు. నేను వెనక వరసలో ఎడమ చివర, ఇద్దరు మూడో తరగతి పిల్లల పక్కన నిలబడ్డాను. ముందు వరసలో కుడి చివరి అమ్మాయి వెనక్కి తిరిగేసరికి గుర్తుపట్టాను. తొమ్మిదో తరగతి సి సెక్షన్ పిల్ల. జంగ్లీఘాట్‌లో చేపల రేవు దగ్గర ఇల్లు, వాళ్ళ నాన్న వేటకి వెళతాడు. భిన్నాలు కూడటం రాలేదని ఆరోజు ఉదయమే ఆ పిల్లని పీరియడంతా నిలబెట్టాను.

క్లాసు మొదట్లో కింది బెల్టు వాళ్ళు పై బెల్టు వాళ్ళకి వంగి నమస్కారం చెయ్యడం అక్కడి పద్ధతి. నేను వంగలేకపోయాను. ఆ పిల్లా ఏం చెయ్యాలో పాలుపోక నేల చూస్తోంది. మాస్టర్ గొంతు పెంచకుండానే, "దీదీ, యహాఁ ఉమ్ర్ నహీఁ, బెల్ట్ దేఖ్తే హైఁ," అన్నారు. ఇక్కడ వయసు చూడరు, బెల్టే చూస్తారు. వంగాను. నా కంటే లోతుగా ఆ పిల్ల వంగింది. ఆ రోజంతా మళ్ళీ నా వైపు రాలేదు.

మొదటి మూడు నెలలూ అలాగే గడిచాయి. పై బెల్టు కాబట్టి ఆ పిల్ల అందరి తప్పులూ దిద్దుతూ వచ్చి నా దగ్గరకి వచ్చేసరికి దాటిపోయేది. పసుపు బెల్టు పరీక్షలో నేను నిలబడే తీరే తప్పని, వెనక కాలి మడమ లేస్తోందని మాస్టర్ ఆపేశారు. పక్కన ఉన్న ఎనిమిదేళ్ళ పిల్లవాడికి బెల్టు వచ్చింది, నాకు రాలేదు. క్లాసయ్యాక ఆ పిల్లని పిలిచి, నా మడమ సంగతి నువ్వు చూశావా అని అడిగాను. చూశానంది. మరి చెప్పలేదేం అన్నాను.

"మేడమ్‌కి తప్పని ఎలగ చెప్తానండి?" అంది.

ఈ హాల్లో ఉన్నంతసేపూ చెప్పాలని, చెప్పకపోతే నాకే నష్టమని అన్నాను. తలూపింది. మర్నాటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. అడగకపోయి ఉంటే బాగుండేదని ఆ వారంలోనే అనిపించింది. మడమ, మోచెయ్యి, చూపు, ఊపిరి, ఒక్కటీ వదిలేది కాదు. చేసిందే చేయించేది. కానీ ఒక్కసారీ గొంతు పెంచలేదు, నవ్వలేదు, అంతమందిలో పేరు పెట్టి ఎత్తి చూపలేదు. నేను క్లాసులో ఈ మూడూ చేసేదాన్ని. ఆ సంగతి తెలియడానికి నాకు నలభై రెండేళ్ళు పట్టింది.

బట్టల సంగతీ, సామాను సంగతీ చెప్పాలి. తైక్వాండో తెల్ల డ్రెస్సుని డొబోక్ అంటారు. నాది చెన్నై నుంచి ఓడలో వచ్చింది. చేతులు వేళ్ళు దాటిపోయేవి, నడుము దగ్గర మాత్రం బిగుతు. జంగ్లీఘాట్‌లో ఒక టైలరు దగ్గర కూర్చుని పక్కలు విప్పించి గుడ్డ కలిపించాను. ఆ గుడ్డ తెలుపు, డొబోక్ తెలుపు ఒకటి కావు. ఆ తేడా ఇప్పటికీ కనబడుతుంది. వానాకాలం మొదలైతే ఏదీ ఆరదు. రెండు రోజులు సంచిలో మరిచిపోతే నల్ల మచ్చలు వచ్చేస్తాయి. ఛాతీకి కట్టుకునే గార్డులూ తలకి పెట్టుకునే గార్డులూ క్లాసంతటికీ కలిపి ఆరే ఉండేవి. ఒకరి చెమట ఆరకముందే ఇంకొకరు తొడుక్కోవాలి. మొదటిరోజు ఆ వాసనకి వాంతి వచ్చినంత పనైంది. తర్వాత అది నా వాసన కూడా అయిపోయింది. బెల్టు ఉతకకూడదని, ఉతికితే నేర్చుకున్నదంతా పోతుందని పిల్లలు గట్టిగా నమ్మేవాళ్ళు. నా ఆకుపచ్చ బెల్టుకి బూజు పట్టినప్పుడు మాస్టర్ని అడిగితే, ఎండలో వెయ్యండి దీదీ, ఉతకకండి అన్నారు. ఆయనా నమ్మేవారేమో తెలియదు.

ఇలా నాలుగేళ్ళు. ఆ పిల్ల పదో తరగతి లెక్కల్లో గట్టెక్కింది, అంతే. ఆ మార్కుల మాట మేమిద్దరం హాల్లో ఎప్పుడూ ఎత్తలేదు. తర్వాత కాలేజీలో చేరింది, నల్ల బెల్టులో పై మెట్టు, రెండో డాన్ తీసుకుంది, మాస్టర్‌కి సాయంగా చిన్నపిల్లల క్లాసు చూసేది. నాకు ఎర్ర బెల్టు వచ్చింది. షుగర్ తగ్గింది. మావారు మొదట్లో, "ఇంట్లో గొడవొస్తే ఇక నేనే తగ్గాలన్నమాట" అని వేళాకోళం చేసేవారు. తర్వాత నా డొబోక్ వానకి తడవకుండా దండెం మీంచి తీసేది ఆయనే.

నల్ల బెల్టు పరీక్షకి పెద్ద ఎగ్జామినర్ మెయిన్‌లాండ్ నుంచి రావాలి. ఏడాదికోసారి వస్తారు. పూమ్సేలు చేసి చూపించాలి. పూమ్సే అంటే వరసగా కట్టిన దెబ్బలూ అడ్డుకోవడాలూ, అన్నీ కంఠతా వచ్చి ఉండాలి. తర్వాత గార్డులు కట్టుకుని రెండు రౌండ్ల పోటీ. ఆఖరున బోర్డు. అంగుళం మందం చెక్కని ఒకే తన్నుతో విరగ్గొట్టాలి. మూడు అవకాశాలు ఇస్తారు. బోర్డుని ఎవరు పట్టుకోవాలో పరీక్షకి నిలబడ్డవాళ్ళే ఎంచుకోవచ్చు. అలా పట్టుకున్న మనిషి కదిలిపోకుండా వెనక నుంచి ఇంకొకరు భుజాలు ఆనిస్తారు. నేను ఆ పిల్లనే అడిగాను.

పూమ్సేలు బాగా చేశాను. పోటీలో నెట్టుకొచ్చాను. బోర్డు ముందు నిలబడ్డాక, బోర్డు అంచున ఆ పిల్ల వేళ్ళు కనిపించాయి. సన్నటి వేళ్ళు, వాటి వెనకే ఆమె మొహం. నా బరువు డెబ్భై కిలోలు. తన్నాను, బోర్డు విరగలేదు. రెండోసారీ, మూడోసారీ అంతే. ఎగ్జామినర్ కాగితం మీద ఏదో రాసుకుని, వచ్చే ఏడు రండి అన్నారు.

తప్పినవాళ్ళు వెళ్ళిపోకూడదు. వరస చివర నిలబడి, నెగ్గినవాళ్ళకి బెల్టులు కడుతుంటే చప్పట్లు కొట్టాలి. కొట్టాను. నా దగ్గర చదువుకునే ఇద్దరు పిల్లలకి ఆరోజు నల్ల బెల్టు వచ్చింది.

అందరూ వెళ్ళాక ఆ పిల్ల నా దగ్గరకి వచ్చింది. కోపంగా ఉంది. అంతకు ముందెప్పుడూ ఆమె మొహంలో కోపం చూడలేదు. కుడి చెయ్యి చాపింది. మణికట్టు వాచి ఎర్రగా ఉంది.

"మీకు బోర్డంటే భయం కాదు మేడమ్, నా చేతులంటే భయం. బోర్డు విరిగిపోతే నాకేటీ అవదు. విరక్కపోతేనే దెబ్బంతా నాకొచ్చీస్తాది. మూడుసార్లూ సగం సగం తన్నారు. మూడుసార్లూ నాకే తగిలింది."

దెబ్బ తగలకూడదని కాలు వెనక్కి లాగి, మూడుసార్లు కొట్టాను ఆ పిల్లని.

ఆ రోజు ఇంట్లో మావారు, ఎర్ర బెల్టుతో ఆగినా తప్పేం లేదు, ఇంతదాకా రావడమే గొప్ప అన్నారు. ప్రేమతోనే అన్నారు. రేపు సాయంత్రం క్లాసు ఉందని చెప్పాను.

మర్నాడు మాస్టర్ దగ్గరకి వెళ్ళి, ఈ ఏడాదంతా మిగతావాళ్ళకి బోర్డు నేనే పడతానన్నాను. ఆయన సరేనన్నారు. మొదట ఒక పన్నెండేళ్ళ అమ్మాయి నా ముందు నిలబడింది. నన్ను చూసి జంకింది. కాలు వచ్చింది కానీ అందులో బలం లేదు. బోర్డు విరగలేదు, దెబ్బ మాత్రం మోచేతుల దాకా జివ్వుమని పాకింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత మా జంగ్లీఘాట్ పిల్ల వచ్చింది. ఒళ్ళంతా తిప్పి వెనక్కి తన్నింది. నా చేతుల్లో రెండు ముక్కలు మిగిలాయి, మొహానికి కాస్త గాలి తగిలింది, అంతే. నాకు తెలిసిన ఏ లెక్కా అంత స్పష్టంగా తేలలేదు.

ఆ ఏడాది ఎన్ని బోర్డులు పట్టుకున్నానో గుర్తులేదు. ఓడలో వచ్చే సామాను పెట్టెల చెక్కలు తెచ్చి కోయించుకునేవాళ్ళం. రోజూ తెల్లవారుజామున డాబా మీద సైడ్ కిక్ కుడి కాలితో వంద, ఎడమ కాలితో వంద. కుడి మోకాలు నొప్పెడితే ఎడమ కాలితో నూటయాభై. వానొస్తే వరండాలో. నోటు పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవడం మానేసి బడిలోనే ముగించేదాన్ని. ఒక్కరోజు కూడా మానలేదు. దీపావళి నాడు కూడా తన్నాకే తలంటు.

మళ్ళీ పరీక్ష ఆదివారం అన్నారు. ఆదివారం ఎగ్జామినర్ ఎక్కిన విమానం మా మీదకి వచ్చి, మబ్బులో దిగలేక చెన్నై తిరిగి వెళ్ళిపోయింది. పరీక్ష సోమవారానికి మారింది. బడి ఉన్న రోజు. ప్రిన్సిపాల్ గారు మూడు పీరియడ్లు సెలవిచ్చారు కానీ, హాలు కిటికీలకి తలుపులు లేవు. నా పదో తరగతి పిల్లలంతా ఊచలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరినీ పంపెయ్యమని అడగలేదు నేను.

పూమ్సేలూ పోటీ అయ్యాక బోర్డుకి మళ్ళీ ఆ పిల్లనే ఎంచుకున్నాను. ఆమె బోర్డు ఛాతీ ఎత్తున పట్టి, మోచేతులు బిగించి, "గోడ దాకా తన్నండి మేడమ్," అంది. ఈసారి కాలు వెనక్కి లాగలేదు. పూర్తి బలంతోనే తన్నాను. కానీ గురి తప్పింది. మడమ బోర్డు అంచు మీద, ఆమె బొటనవేలి మీద పడింది.

ఆమె చెయ్యి విదిలించి, వేలు నోట్లో పెట్టుకుని, మళ్ళీ చూసుకుంది. గోరు కింద రక్తం. ఏడాదంతా నేను భయపడింది ఇదే. ఇప్పుడు జరిగిపోయింది. ఎగ్జామినర్ లేచి వచ్చి, పట్టుకునే మనిషిని మారుస్తారా అని నన్ను అడిగారు. నేను ఆమె వైపు చూశాను. ఆమె అప్పటికే బోర్డు ఎత్తి, నలిగిన వేలుని ఇందాకటి చోటనే పెట్టి పట్టుకుంది.

"మళ్ళీ," అంది.

మార్చనని ఎగ్జామినర్‌తో చెప్పాను. ఇప్పుడు సగం తంతే ఆ వేలికి ఇంకో దెబ్బ అని మాత్రం నాకు తెలుసు. వేళ్ళ వైపు చూడలేదు, బోర్డు నడుమ పెన్సిలుతో గీసిన చుక్క వైపు చూసి తన్నాను. చప్పుడు విన్నాక గానీ విరిగిందని నాకు అర్థం కాలేదు. ఆమె రెండు చేతుల్లో రెండు ముక్కలు. కిటికీల దగ్గర నా పిల్లలు ఎగిరారు. నేను వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని చూస్తుంటే, ముందు ఎగ్జామినర్‌కి నమస్కారం చెయ్యండి మేడమ్ అని గుర్తు చేసింది.

నెగ్గినవాళ్ళ ఎర్ర బెల్టు విప్పించి, మడత పెట్టించి, నల్ల బెల్టు కడతారు. మామూలుగా మాస్టర్ కడతారు. ఆయన నా బెల్టుని ఆ పిల్ల చేతికిచ్చారు. ఐసు ముక్కలు కట్టిన వేలితో ఆమె ముడి వెయ్యలేకపోయింది. రెండుసార్లు జారింది. చివరికి ఒక కొస ఆమె పట్టుకుంది, ముడి నేను వేసుకున్నాను. అక్కడి నుంచి తిన్నగా ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. ఎముక విరగలేదన్నారు. గోరు నల్లబడి, ఊడి, మళ్ళీ రావడానికి నెలలు పట్టింది. వాళ్ళమ్మ నన్ను ఏమంటుందోనని భయపడుతూ ఇంటికి దిగబెట్టాను. ఆవిడ వేలు చూసి, నా బెల్టు చూసి, లోపలికి రమ్మని చేపల పులుసుతో అన్నం పెట్టింది.

ఇప్పుడు ఆ పిల్ల ఆదివారాలు రేవు దాటి హోప్ టౌన్‌లో పిల్లలకి నేర్పుతోంది. పొద్దున్న బోటులో నేనూ వెళ్ళి బోర్డులు పట్టుకుంటాను. క్లాసు మొదట్లో ఆమెకి వంగి నమస్కారం చేస్తాను, తను నా కంటే పై బెల్టు కాబట్టి. వచ్చే ఏడు రెండో డాన్‌కి నా పేరు ఇచ్చాను. నలభై ఎనిమిది నిండుతున్నాయి, కుడి మోకాలి గురించి డాక్టరు గారు ఏదో అంటున్నారు. ఈసారి బోర్డులు రెండు. డాబా మీద ఎడమ కాలితో మొదలుపెట్టాను.