విమానానికో ముద్ద

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనం తప్ప ప్రపంచమంతా నత్తనడక నడుస్తున్నట్టు కనిపిస్తుంది. నాకైతే మరీను! శంషాబాద్ దగ్గర ఓ మానసిక దవాఖానలో నర్సుగా చేరి మూడు నెలలు కాలేదు, తర్వాతి షిఫ్టుకు వార్డు అప్పజెప్పడంలో నన్ను మించినవాళ్లు లేరని నా గట్టి నమ్మకం. "అందరు మంచిగున్నరక్కా, మందులైనయ్, వస్త!" అంతే. (బడంగ్‌పేట్ బస్సు రెండూ పదికి. తప్పితే మళ్లీ గంట.) రెండింటికొచ్చే పెద్ద సిస్టర్ కళ్లజోడు తుడుచుకునేలోపే నేను గేటు దాటేదాన్ని.

మా వార్డులో మంఖాల్ రైతు ఒకాయన ఉండేవాడు. అందరికీ బాపు. మనసు కుంగి అన్నం మానేసి వచ్చాడు. మందులతో తేరుకున్నాడు గానీ, ప్లేటు చూస్తే మాత్రం మొహం తిప్పేసేవాడు. ఈ రోజంతా సరిగ్గా తింటే రేపు ఇంటికి పంపిస్తానన్నాడు డాక్టరు. బాపుకి ఇల్లు తప్ప వేరే ధ్యాస లేదు, ముద్ద మాత్రం దిగదు. ఆ పొద్దున కిటికీ దగ్గర ఉప్మా పట్టుకుని బతిమాలుతుంటే పైనుంచి విమానం పోయింది. నోటికొచ్చింది అనేశాను: "విమానం పోయినప్పుడల్లా ఒక్క ముద్ద, సరేనా బాపు?" ఆయన నవ్వాడు. "నువ్వు గూడ తినాలె మరి!" ప్లేటు ఖాళీ అయింది. (నాకు ఉప్మా పడదు. అయినా తిన్నాను.)

ఇంత గొప్ప సంగతి రెండింటికి పెద్ద సిస్టర్‌కి చెప్పానా? "అందరు మంచిగున్నరక్కా!" అని బస్సెక్కాను. రెండు స్టాపులు దాటాక నెత్తి మీద విమానం పోయింది. చెయ్యి దానంతటదే నోటి దాకా వెళ్లింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది! దిగి, ఆటో ఎక్కి, వార్డులోకి పరుగెత్తాను.

కిటికీ పరదా మూసి ఉంది. అన్నం ప్లేటు ముట్టకుండా ఉంది. పెద్ద సిస్టర్ డాక్టరుతో అంటోంది: "తినమంటే 'ఇంక రాలే, ఇంక రాలే' అంటున్నడు సార్. ఏం రాలే అని అడిగితే మీదికి చెయ్యి చూపిస్తున్నడు!" డాక్టరు పెన్ను తీశాడు. "అయితే ఇంకో వారం ఉంచుదాం." బాపు నన్ను చూసి ప్రాణం లేచొచ్చినట్టు, "బిడ్డా, వీళ్లకు జర చెప్పు!" అన్నాడు. రొప్పుతూ చెప్పాను. పరదా తీశారు. నలుగురం ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డాం. ఒక్కటంటే ఒక్క విమానం లేదు! (మిగతా రోజుల్లో ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి.) "వస్తది తియ్ బిడ్డా, పరేషాన్ గాకు," అని బాపే నన్ను ఓదార్చాడు. చివరికి వచ్చింది మహాతల్లి! బాపు ముద్ద పెట్టుకున్నాడు. షరతు ప్రకారం పెద్ద సిస్టర్‌కీ పప్పన్నం తప్పలేదు. డాక్టరు పెన్ను జేబులో పెట్టేశాడు.

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "రేపటిసంది మంచం కాడ నిలబడి, ఆయన ముంగట్నే చెప్పు. ఆఖర్ల ఆయన్నే అడుగు, ఏమన్న మరిచిన్నా అని," అంది పెద్ద సిస్టర్.

మర్నాడు బాపును తీసుకుపోవడానికి కూతురొచ్చింది. మందుల వేళలన్నీ ఆమెకు ఆయన ముందే అప్పజెప్పి, "ఏమన్న మరిచిన్నా బాపు?" అన్నాను.

"మరిచినవ్. మా ఇంటి మీదికెల్లి విమానాలు తక్కువ. ఇంటి ముంగటికెల్లి పోయే శ్రీశైలం బస్సు గూడ లెక్కకొస్తదని చెప్పు."

ఇప్పుడు నేనే పెద్ద సిస్టర్‌ని. "మంచం మంచానికి నిలబెడ్తది" అని కొత్త పిల్లలు గొణుక్కుంటారు, వినబడనట్టే ఉంటాను. ఆ రెండూ పది బస్సు నాకు మళ్లీ ఎప్పుడూ దొరకలేదు. స్టాపులో నిలబడి ఉంటే నెత్తి మీద విమానం పోతుంది. ఆ తొందరపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది, ఆకలీ వేస్తుంది.