ట్రిప్ షీటులో భిన్నాలు

పిల్లల్ని ఒక వసతి గృహం నుంచి ఇంకో గృహానికి చేర్చే వ్యాను డ్రైవరును అందరూ బండి బాబాయ్ అంటారు. ఇరవై రెండేళ్లుగా అదే పని. దిక్కులేని పిల్లల మీద జాలి ఒలకబోసేవాళ్లకు కొదవ లేదు. వాళ్ల పాఠం ఎక్కడ ఆగిందని అడిగే మనిషిని మాత్రం నేను ఇతన్నొక్కణ్నే చూశాను.

గృహం మారే పిల్లకు రెండు జతల బట్టలిస్తారు. పుస్తకాలు, నోట్సులు వెనక్కి ఇచ్చెయ్యాలి. ఫైలు నెలల తర్వాత తీరిగ్గా వస్తుంది. అందులో ఎత్తు, బరువు, టీకాలు ఉంటాయి; చదువుకు గడి లేదు. కొత్త బడివాళ్లు ఎందుకైనా మంచిదని ఒక తరగతి కిందకు దించుతారు.

ఆ ఉదయం వెనక సీట్లో పదకొండేళ్ల పిల్ల. ఐదో తరగతి ఇప్పటికే రెండుసార్లు చదివింది.

"మళ్లీ ఐదులోనే కూర్చోబెడతారు కదా బాబాయ్?"

"అప్పుడే మొహం వేలాడేయకు. ఎందాకా వచ్చావో చెప్పు."

"ఆరులో భిన్నాలు. గుణించడం నిన్ననే మొదలెట్టారు."

పొగమంచు రోడ్డును మింగేసింది. బండి నీళ్లమీద తేలుతున్నట్టు సాగింది. ఆవిరి పట్టిన అద్దంమీద పిల్ల వేలితో లెక్కలు వేస్తోంది. అంకెల సందుల్లోంచి స్తంభాలు, చెట్లు, ఎవరిదో సైకిలు మెల్లగా జారిపోతున్నాయి. సగంలో మూడోవంతు ఆరోవంతయ్యేసరికి తిరగాల్సిన మలుపు వెనకబడింది.

"దారి తప్పావు బాబాయ్!"

"తప్పలేదమ్మా, నీకు ఇంకో లెక్కకు టైమిచ్చాను."

బండి ఆపి, ట్రిప్ షీటులో టైరు పంక్చర్లు రాసే గడిలో రాశాడు: 'ఆరో తరగతి. భిన్నాల కూడిక, తీసివేత అయ్యాయి. గుణకారం నడుస్తోంది.' కొత్త గృహంలో వార్డెన్ అలవాటు కొద్దీ చదవకుండానే సంతకం పెట్టి, ముద్ర కొట్టింది.

బడిలో హెడ్ మిస్ట్రెస్ ఆ షీటు చూసి కళ్లజోడు సర్దుకుంది. "డ్రైవరు రాసింది నమ్మమంటావా?"

"నన్నెందుకు నమ్మడం మేడమ్? వార్డెన్ గారి ముద్ర ఉంది. అదీ చాలకపోతే పిల్ల ఉంది, బోర్డు ఉంది."

ఆమె లెక్క ఇచ్చింది. పిల్ల మొదట తప్పు వేసింది. బాబాయ్ గొంతు సవరించబోయి ఆగాడు. పిల్ల అరచేత్తో తుడిచి మళ్లీ వేసింది.

"ఆరో తరగతి. పక్క గది."

పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. అవతల పాఠం అప్పటికే మొదలైపోయింది.