పెట్టెల్లో వచ్చిన కారుకు మా ఇంటిపేరు

మా ముత్తాత కోటిపర్తి నరసింహ జగపతి గారు గోదావరి జిల్లాలో పదకొండు గ్రామాల ఎస్టేటుకు జమీందారు. మా తాత వెంకట జగపతి గారు ఆనరరీ మేజిస్ట్రేటు. కలెక్టరు మా ఊళ్లో మకాం చేస్తే ఆయన పక్క కుర్చీ మా తాతగారిదే. ఎస్టేటు బంట్రోతులు భుజాన వేసుకునే పటకా మీద ఇత్తడి బిళ్ల ఉండేది. దాని మీద ‘కోటిపర్తి’ అని చెక్కి ఉండేది. ఆ బిళ్ల కనిపిస్తే రేవులో పడవవాడు బయలుదేరకుండా ఆగేవాడట. ఎస్టేట్ల రద్దు తరవాత మా నాన్నగారి కాలంలో ముందు భూములు, తరవాత సామాను పోయాయి. బిళ్లలను కాకినాడలో తూకానికి అమ్మారు. జాలి కోసం ఇదంతా చెప్పడం లేదు. కింద రాయబోయే వ్యవహారంలో పందెంలో ఉన్నది ఆ పేరే కాబట్టి, అదేం పేరో ముందు చెప్పాను.

నేను కాకినాడలో మెకానికల్ డిప్లొమా చదివాను. మా అమ్మగారికి అది చేతులకు నూనె అంటించే చదువు. కొన్నేళ్లు బస్సు డిపోలో పనిచేసి, 1976లో దుబాయ్ వెళ్లాను. ఈ సంగతి జరిగిన 1979 చలికాలం నాటికి ఒక భవన నిర్మాణ కంపెనీలో వర్క్‌షాప్ సూపరింటెండెంటుని. లారీలు, క్రేన్లు, కార్మికుల బస్సులు నా కింద ఉండేవి. నా పైన ముదీర్, అంటే మేనేజరు. లెబనాన్ నుంచి వచ్చిన ఇంజనీరు. ఆయన పైన కఫీల్, అంటే కంపెనీ యజమాని. నా కింద ఫోర్‌మన్ లింగయ్య. జగిత్యాల మనిషి. డీజిల్ ఇంజన్ శబ్దం విని రోగం చెప్పగలడు, దాంతోపాటు ఇంజన్ యజమాని గుణం కూడా చెబుతాడు.

కంపెనీ క్లినిక్‌లో సిస్టర్ కరుణమ్మ హెడ్ నర్సు. పాలకొల్లు దగ్గరి క్రైస్తవ కుటుంబం. క్లినిక్ ఊరి మధ్య దేరాలో ఉంది. కార్మికుల క్యాంపులు దూరంగా అల్ కుసైస్‌లో, అజ్మాన్‌లో ఉన్నాయి. ఆమె నీళ్ల ట్యాంకరు డ్రైవరు పక్కన కూర్చుని క్యాంపులకు వెళ్లి కట్లు మార్చి, మందులిచ్చి వచ్చేది. ట్యాంకరు ఆగినంతసేపే వైద్యం. ఆ చలికాలం ట్యాంకర్లను కొత్త సైటుకు మళ్లించారు. ఇక నుంచి రోగులే దేరా రావాలని ముదీర్ చెప్పాడు. వస్తే సగం రోజు కూలి పోతుంది, కాబట్టి ఎవరూ రారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆమె నేరుగా వర్క్‌షాప్‌కు వచ్చింది.

“రాజుగారూ, నాకు తెలీక అడుగుతానండీ. ఇన్ని బళ్లున్నాయి, నాకో బుల్లికారు లేదాండీ? లైసెన్సు కూడా తెచ్చుకున్నానండీ, మూడోసారికి.”

నేను రాజుగారిని కానని చాలాసార్లు చెప్పాను. ఆమె మానలేదు.

కఫీల్ కొత్త కారుకు ఒప్పుకోలేదు. అయితే ముదీర్ దగ్గర ఒక ఇంగ్లీషు కంపెనీ పుస్తకం ఉంది. చిన్న కారును విడిభాగాలుగా చెక్కపెట్టెల్లో పంపుతారు, కొన్నవాడే బిగించుకోవాలి. షోరూము కారు ధరలో సగం కూడా కాదు. మామూలు పానాలు చాలునని, ఎవరైనా బిగించవచ్చునని ఆ పుస్తకంలో రాసి ఉంది. కొనాలా వద్దా అన్నది ముదీర్ నన్ను అడిగాడు. నా అభిప్రాయం మీదే తేలుతుందన్నాడు.

ఆలోచించడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇంజన్, గేరుబాక్సు ఫ్యాక్టరీలోనే కలిపి వస్తాయి. వాటితో భయం లేదు. ఒళ్లంతా మడతపెట్టిన రేకు, అదీ ఫరవాలేదు. నాకు నచ్చనిది ‘ఎవరైనా’ అన్న మాట. ఎవరైనా బిగించే బండికి రేపు ఎవరు జవాబు చెబుతారు? ఒక్క షరతు మీద కొనమని రాశాను. స్టీరింగు, బ్రేకులు, చక్రాల బేరింగులు, ఈ మూడూ నా చేత్తో నేనే బిగిస్తాను. మిగతావి లింగయ్య మనుషులు చూసుకుంటారు.

పెట్టెలు వచ్చిన నాడు లింగయ్య చుట్టూ తిరిగి చూశాడు.

“సార్, గిది కారా, పెండ్లిల పోరగాండ్లకిచ్చే ఆటబొమ్మనా?”

“బిగిస్తే కారు అవుతుంది.”

“బిగియ్యకపోతే?”

“సిస్టర్ నడిచి వెళ్తుంది.”

“అయితే బిగిద్దాం సార్. ఆమె సూది జోరుగున్నది, ఆమెతోని నాకెందుకు లొల్లి.”

మా తాతగారి కారు కూడా పెట్టెల్లోనే కాకినాడ రేవులో దిగిందని ఇంట్లో చెప్పేవారు. మద్రాసు నుంచి ఒక ఫిట్టరు వచ్చి మా సావిడిలో వారం రోజులు కూర్చుని బిగించాడట. ఆ కారు రంగు, హారను, మొదట ఎక్కిన దొర పేరు, అన్నీ మా ఇంట్లో అందరికీ తెలుసు. ఫిట్టరు పేరు మాత్రం ఎవరికీ తెలియదు. దుబాయ్‌లో ఆ కారు కింద వెల్లకిలా పడుకున్నప్పుడు నాకది గుర్తొచ్చింది.

మా వర్క్‌షాప్‌లో ఒక పద్ధతి ఉండేది. దాన్ని డిపోలో నేర్చుకుని నేనే తెచ్చిపెట్టాను. నట్టును ఎంత బలంతో తిప్పాలో కొలిచే టార్క్ రెంచ్ అనే పానాతో బిగించాక, నట్టు మీద నుంచి బోల్టు మీదకు ఒక రంగు గీత గీస్తాం. నట్టు ఏమాత్రం వదులైనా గీత విరుగుతుంది. కంటితో చూసి చెప్పవచ్చు. బిగించినవాడే గీత గీయాలి. లింగయ్య మనుషులది పసుపు, నాది ఎరుపు. ఒకరు బిగించిన దానికి ఇంకొకరు గీత పెడితే ఆ వారం వాడి చేతికి రెంచ్ ఇచ్చేవాణ్ని కాదు.

ఆ కారు ఇంగ్లండు చలికి తయారైంది. రేడియేటరు ఫ్యాను చాలదని మొదటి పరుగులోనే తెలిసింది; పాత పికప్పుది తీసి బిగించాం. తలుపుల చుట్టూ ఇసుక దూరకుండా రబ్బరు అదనంగా వేశాం. బ్రేకు పైపుల్లో గాలి తీసే పని మాత్రం మళ్లీ మళ్లీ చేశాను, పెడల్ నా కాలికి తృప్తినిచ్చేవరకూ. కరుణమ్మ రోజూ వచ్చి చూసేది. “బండి నడుస్తుందాండీ, నన్ను నెట్టమంటారాండీ?” అనేది. నెట్టాల్సిన అవసరం రాలేదు.

చిక్కు ట్రాఫిక్ ఆఫీసులో వచ్చింది. అక్కడి అధికారి పెద్దవాడు. పడవల మీద బొంబాయి తిరిగిన మనిషి, హిందీ బాగా మాట్లాడేవాడు. కారు చుట్టూ తిరిగి, కింద వంగి చూసి, ఎర్రగీతలు ఏమిటని అడిగాడు. చెప్పాను. తల ఊపాడు. ఆ తరవాత అసలు ప్రశ్న వేశాడు. “బనానేవాలా కౌన్?” తయారుచేసినవారెవరు? రిజిస్ట్రేషనుకు తయారీదారు పేరు కావాలి; బండి మీద ఆ పేరుతో లోహపు పలక ఉండాలి.

ఇంగ్లీషు కంపెనీ తాను భాగాలు మాత్రమే అమ్ముతానని పుస్తకంలోనే రాసుకుంది. మా కంపెనీ పేరు రాయమని ముదీర్‌కు ఫోను చేశాను. మనం ఇళ్లు కట్టేవాళ్లం, కార్లు చేసేవాళ్లం కాదు, ఆ బాధ్యత వద్దన్నాడు. తిరిగి వచ్చేసరికి, నాతో వచ్చిన కరుణమ్మ మందుల సంచి ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉంది. ఆ మధ్యాహ్నం అల్ కుసైస్ వెళ్దామని తెచ్చుకున్న సంచి.

“నేను తయారుచేశాను. నా పేరు రాయండి,” అన్నాను అధికారితో.

“తుమ్ కంపెనీ హో?”

“కంపెనీ కాదు. మనిషిని.”

ఆయన కలం ఎత్తి నా వంక చూశాడు. ఏదైనా విరిగితే ఎవరిని వెతకాలని అడిగాడు. ఈ మనిషినే అన్నాను. ఆయన రాసుకున్నాడు, పలకతో రమ్మన్నాడు.

నైఫ్ బజారులో అక్షరాలు చెక్కే దుకాణంలో ఇత్తడి పలక చేయించాను. పైన ఇంగ్లీషులో, కింద అరబ్బీలో ‘కోటిపర్తి, దుబాయ్’. మా బంట్రోతుల బిళ్లలు పోయాక లోహం మీద మా పేరు చూడటం అదే మొదలు. నాలుగు మూలలా నేనే స్క్రూలు బిగించాను. వాటికీ ఎర్రగీత పెట్టాను. కరుణమ్మ చదివి, “మీ జమీందారీ మళ్లీ మొదలైందండోయ్, నాలుగు చక్రాల మీద,” అంది. ఆ రోజు నాకు ఆ మాట వేళాకోళంగా అనిపించలేదు.

కారు చక్కగా నడిచింది. వేసవి నాటికి అల్ కుసైస్‌లో, అజ్మాన్‌లో దాన్ని గుర్తుపట్టనివాడు లేడు. గుమాస్తాలు, చిన్న దుకాణాలవాళ్లు ఎక్కడ దొరుకుతుందని అడగసాగారు. ముదీర్ నన్ను పిలిచాడు. కఫీల్ ఒప్పుకున్నాడు, డజను కార్ల పెట్టెలు తెప్పించి అమ్ముదాం, కొత్త షెడ్డుకు నువ్వే వర్క్స్ మేనేజరువి అన్నాడు. నా ఉద్యోగం కంటే పైపదవి. దాంతో రెండు గదుల ఇల్లు, కుటుంబ వీసా. నా భార్య సుభద్ర నాలుగేళ్లుగా కాకినాడలో ఉంది. పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టమని ఆమెకు రాశాను. ప్రతి కారు మీదా నీ పేరే ఉంటుందని ముదీర్ ప్రత్యేకంగా చెప్పాడు. నా బలహీనత ఆయన కనిపెట్టాడు. నేను దాన్ని బలహీనత అనను.

పెట్టెలు దిగాయి. ఒకదాన్ని లింగయ్య తెరిచి, ప్లాస్టిక్ సంచి ఒకటి ఎత్తి పట్టుకున్నాడు.

“సార్, మీ తాతగారి పేరు వాషర్లల్ల వడ్డది.”

సంచిలో స్క్రూలు, వాషర్లు, వాటి మధ్య ఇత్తడి పలక. ‘కోటిపర్తి, దుబాయ్.’ ముదీర్ నాకు చెప్పకుండా నైఫ్‌లో డజను పలకలు చేయించి, ఒక్కో కారు పెట్టెల్లో ఒకటి వేయించాడు. షెడ్డు పెట్టెలు అమ్మడానికేనని అప్పుడు తెలిసింది; కొన్నవాడు ఇంట్లో కారు బిగించుకుని, చివర్న పలక కూడా తానే బిగించుకుంటాడు. ఇంకా పుట్టని కారుకు నేను జవాబుదారీ అయిపోయాను.

“బిగియ్యకముందే గీత వెట్టినట్టున్నది సార్,” అన్నాడు లింగయ్య. ఈసారి నవ్వలేదు.

ముదీర్ గదికి వెళ్లాను. అన్ని కార్లూ మన షెడ్డులోనే బిగిద్దాం, స్టీరింగు, బ్రేకులు, బేరింగులు నేనే చూస్తాను అన్నాను. అలా చేస్తే ధర పెరుగుతుంది, చౌకగా ఉంటేనే ఎవరైనా కొంటారు అన్నాడు. ఆ లెక్కలో ఆయన తప్పు చెప్పలేదు. పలక ఒక అలంకారం, జనానికి ముచ్చటగా ఉంటుంది, అంత పట్టింపు ఎందుకన్నాడు.

“ఎర్రరంగు డబ్బా పట్టుకుని ఇంటింటికీ తిరుగుతావా?”

“తిరగనిస్తే తిరుగుతాను. లేకపోతే నా పేరు తీసేయండి.”

“పేరు తీస్తే పదవి కూడా ఉండదు.”

“తెలుసు.”

ఆయన “ఖలాస్,” అన్నాడు. అయిపోయిందని అర్థం. సంభాషణా అయిపోయింది, రెండు గదుల ఇల్లూ అయిపోయింది.

ఆ సాయంత్రం పెట్టెలన్నీ తెరిపించి పలకలు తీయించాను. అవి కంపెనీ సొత్తని స్టోరులో పెట్టించారు. షెడ్డు తెరవలేదు. పెట్టెలను వేరే ఎమిరేట్‌లో ఒక వ్యాపారికి ఇచ్చేశారు. ఆ కార్లు ఎలా నడిచాయో నాకు తెలియదు. చక్కగానే నడిచి ఉండవచ్చు. ఆ సంగతి చెప్పాల్సినవాణ్ని నేను కాదు. సుభద్రకు దరఖాస్తు ఆపమని రాశాను. ఆమె కారణం అడిగింది, చెప్పాను. “మన బిళ్ల మనం చూడకుండా ఎవరి భుజానా వేయలేం కదా,” అని జవాబు రాసింది. ఆమె దుబాయ్ చూడలేదు.

నేను సూపరింటెండెంటుగానే మిగిలాను. క్లినిక్ కారు ఆరేళ్లకు పైగా నడిచింది. ఆరు నెలలకోసారి పైకెత్తి గీతలు చూసేవాణ్ని. ఎరుపు ఎక్కడా విరగలేదు. ఒకసారి మాత్రం అజ్మాన్ రోడ్డు మీద ఒంటె అడ్డం వస్తే కరుణమ్మ బ్రేకు తొక్కింది. “ఒంటె మూతి నా అద్దానికి తగిలిందండీ, బండి మాత్రం కదల్లేదండీ,” అని వచ్చి చెప్పింది. నా ఉద్యోగ జీవితంలో అందుకున్న యోగ్యతాపత్రాల్లో దాన్నే ముందు లెక్కిస్తాను.

విడిభాగాల కారు కొనవచ్చా అని ఇప్పటికీ కొందరు కుర్రాళ్లు నన్ను అడుగుతారు. నా జవాబు మారలేదు. బిగించేవాడు ఎవరో తెలిస్తే, వాడు రేపు కూడా ఆ ఊళ్లోనే ఉంటాడని తెలిస్తే, కొనండి. తెలియకపోతే డబ్బు కూడబెట్టుకుని షోరూముకు వెళ్లండి. పేరు అనేది బిగింపు పూర్తయ్యాక ఎక్కాలి. ముందే ఎక్కితే అది పేరు కాదు, సంచిలోని ఇంకో వాషరు.

1986లో కంపెనీ మూతపడింది. కారును అజ్మాన్‌లో కోడిగుడ్లు అమ్మే ఒక మలబారీకి అమ్మారు. పలక విప్పమంటారా అని లింగయ్య అడిగాడు. అది నేను బిగించిన బండే కాబట్టి ఉంచమన్నాను. స్టోరులో ఉన్న మిగతా పలకలను నైఫ్‌లో పాత ఇత్తడి కింద తూకానికి అమ్మేశారు.