అనసూయ మాట ముందు ఖాజా భాయ్‌కి తెలిసింది

పటాన్‌చెరు బజారులో ఏ దర్జీ దుకాణం ముందు నుంచి పోయినా, తడి నూలుగుడ్డ మీద ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడు లేచే ఆవిరి వాసన నన్ను ఆపేస్తుంది. నాకది మా ఊరి దర్జీ ఖాజా భాయ్ వాసన. పోయిన ఏడు ఆయన చనిపోయాడు. ఆయన మంచితనం చెప్పేవాళ్లు మా ఇంద్రేశంలో చాలామంది ఉన్నారు. ఆయన మీద నేనెంత కుళ్లుకున్నానో మాత్రం నేను తప్ప ఎవరూ చెప్పలేరు. అందుకే రాస్తున్నాను.

పదో తరగతి దాటని నేను మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తూ, సెలవు రోజుల్లో గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నవాణ్ణి. నా భార్య అనసూయకు రొమ్ము క్యాన్సర్ అని తేలిన వారంలోనే దొరికిన పుస్తకాలు చదివి నోటుబుక్కు నింపాను. కొన్ని దేశాల్లో వైద్యం సంగతి భార్యే తేల్చుకుంటుందనీ, కొన్నిచోట్ల ఇంటిల్లిపాదీ కూర్చుని తేలుస్తారనీ కూడా రాసుకున్నాను. డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. గడ్డ వరకు తీసి కొన్ని వారాలు రేడియేషన్ ఇవ్వడం, లేదా రొమ్ము మొత్తం తీయడం. అనసూయ విషయంలో రెండూ ఒకేలా పనిచేస్తాయి, ఆలోచించుకోండి అంది. అనసూయ నోరు తెరవకముందే నేను, గడ్డ వరకే తీయండి అనేశాను.

ఆపరేషన్ తర్వాత తొడుక్కోవడానికి వదులు రవికలు కావాలని ఖాజా భాయ్ దగ్గరికి పోయాం. ఆయన భార్య రెహానా ఆపాకు ఐదేళ్ల కిందట ఇదే జబ్బు వచ్చి నయమైంది. దుకాణంలోనూ నేనే మొదలుపెట్టాను, చేతులు ఇంత, మెడ ఇంత అని. ఆయన నా వైపు చూడనైనా లేదు.

"నువ్వు జెర ఊకో భాయ్. మొగోళ్లు జెప్పిన కొలతకు నేను కత్తెర పెట్ట. చెల్లె, నీకెట్ల గావాలె?"

అది ఆయన పద్ధతి. భర్త తెచ్చిన ఆది రవికను కూడా తిప్పి పంపేవాడు. అనసూయ రవికతో మొదలుపెట్టి ఎక్కడెక్కడికో పోయింది. ఆయనా, దుకాణంలోనే ఉన్న రెహానా ఆపా వింటూ కూర్చున్నారు. పన్నెండేళ్ల కాపురంలో నాతో అంతసేపు మాట్లాడిన గుర్తు లేదు. నాకు కడుపు మండిపోయింది.

"నాకు మొత్తం తీయించుకోవాలనుందన్నా," అంది చివరికి. "జెరంత మిగిలినా రోజూ తడిమి సూసుకుంట భయంతోని బతుకుత."

ఈ మాట ఇంట్లో చెప్పావా అని అడిగాడాయన.

"ఆయన అడగలే."

దర్జీకి చెప్పుకునేది మొగుడికి చెప్పవా అని దారి పొడుగునా ఆటోలో తగువు పెట్టుకున్నాను. "ఆయన తాన నోటుబుక్కు లేదు" అంది.

మర్నాడు పొద్దున్నే పోట్లాడటానికి ఒక్కణ్ణే దుకాణానికి పోయాను. ఖాజా భాయ్ మిషన్ ఆపి అంతా విన్నాడు.

"రెహానా బదులు గూడ డాక్టరుకు నేనే జవాబు జెప్పిన," అన్నాడు. "ఏడాది దాంక నేను కుట్టింది ఒక్కటి తొడుక్కోలే. నువ్వన్న జల్దీ నేర్సుకో."

ఆసుపత్రికి మళ్లీ పోయినప్పుడు నేను నోరు మూసుకున్నాను. అనసూయ తన మాట తానే చెప్పింది. చెప్పినట్టే చేశారు. ఇప్పుడు బాగానే ఉంది. అడిగి ఆగడం నేర్చుకున్నాను గానీ, నా కుళ్లు పూర్తిగా పోలేదు. ఇప్పటికీ అనసూయ ఏదైనా ముందు రెహానా ఆపాకు చెబితే ఎక్కడో చురుక్కుమంటుంది.

పుస్తకాలు వెతికిచ్చిన గ్రంథాలయం యాదగిరి సారుకు, నా బదులు షిఫ్టులు చేసిన ఒడిశా బిశ్వజిత్‌కు, రెహానా ఆపాకు, ఇక వినలేని ఖాజా భాయ్‌కి నా కృతజ్ఞతలు. ఈ కాగితాలు ముందు అనసూయకే ఇచ్చాను. ఆపరేషన్ గదిలోకి పోయే ముందు తను నాతో అన్న ఒక మాట రాశాను, దాన్ని కొట్టేసింది. ఎందుకని అడగలేదు. ఆ మాట ఇక్కడ లేదు. మిగతాది ఉండనిచ్చినందుకు అనసూయకు కృతజ్ఞతలు.